మడమల మామయ్య, ఇరవై వీపులు

మనిషి ఎదురుపడితే కొందరు మొహం చూస్తారు, కొందరు చేతి గడియారం చూస్తారు. మడమల మామయ్య మాత్రం నేరుగా మడమలు చూస్తాడు. "బాగున్నారా?" అని అడగడు. "ఎడమది ఎక్కువ పగిలినట్టుందే?" అంటాడు. ఆసుపత్రికి పరామర్శకు వెళ్లినా అంతే. మంచం తలవైపు కాకుండా కాళ్లవైపు చేరి దుప్పటి ఎత్తి చూస్తాడు. గుండె ఆపరేషనయిన ఒక పెద్దాయన "జబ్బు అక్కడ కాదు నాయనా, పైన" అని చెప్పుకోవలసి వచ్చింది.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్లు సిటీబస్సులో కండక్టరుగా నిలబడ్డ మనిషి ఆయన. కండక్టరుకి ఒక సీటు ఉంటుంది, నిజమే. కానీ దాంట్లో ఎప్పుడూ ఎవరో ఒక ముసలావిడ కూర్చుని ఉండేది, లెమ్మనడానికి ఈయనకు నోరొచ్చేది కాదు. టికెట్టు లేనివాణ్ణి మాత్రం కన్నతండ్రయినా సరే దింపేసేవాడు. అలా నిలబడి నిలబడి మడమలు ఎంతగా పగిలాయంటే, ఆ పగుళ్లలో టికెట్టు గుచ్చి నిలబెట్టొచ్చని డిపోలో డ్రైవర్లు ఎగతాళి చేసేవారు. ఒకడు నిజంగానే నిలబెట్టి చూపించాడు కూడా.

ఆ కసితో, పదకొండేళ్ల కిందట ఒక సెలవురోజున, వంటింట్లో నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి తేనెమైనం కరిగించాడు. కొబ్బరినూనె పోశాడు, ఆముదం పోశాడు, చివర్లో ఘాటు కోసం దాల్చినచెక్క నూనె ఒక మూతెడు వేశాడు. అది చల్లారి గట్టిపడ్డాక మడమలకు రాసుకున్నాడు. పది రోజుల్లో పగుళ్లు పూడుకున్నాయి. అప్పటినుంచి బంధువుల్లో, వీధిలో ఆయన చేతి డబ్బీ అందుకోని మనిషి లేడు. రాసుకున్నవాళ్లందరూ "అమోఘం మామయ్యా!" అన్నవాళ్లే. ఒక్క అత్తయ్య మాత్రం, అంటే ఆయన భార్య, "మండుతోందండీ" అనేది. "మండితేనే మందు" అనేవాడు ఆయన. పెళ్లాం మాటకు ఆ ఇంట్లో అంతకు మించి విచారణ జరిగేది కాదు.

రిటైరయ్యాక ఆయనకు ఒక కోరిక పుట్టింది. జీవితమంతా తన చేతుల మీదుగా పోయినవి చించి ఇచ్చేసిన టికెట్లే. దిగిన మనిషి వాటిని మొదటి మలుపులోనే పారేస్తాడు. తన చేత్తో చేసిన వస్తువు ఒక్కటి, పద్ధతిగా, లైసెన్సు నంబరుతో, అంగడి అరలో కూర్చోవాలి. ఆయన కోరికల్లా అదే. వీధి చివరి మందుల షాపాయన మంచివాడు కాబట్టి, కౌంటరు పక్కన జానెడు అర చూపించాడు. "ఏడాది చివరిదాకా మీకోసం ఖాళీగా ఉంచుతాను మామయ్యగారూ. సర్టిఫికెట్ తెచ్చుకోండి. రాకపోతే టూత్‌పేస్టు కంపెనీవాళ్లు ఆ అర అడుగుతున్నారు, వాళ్లకిచ్చేస్తాను" అన్నాడు.

"సర్టిఫికెట్ లేకుండా నేనే పెట్టను" అన్నాడు మామయ్య, ఛాతీ విరిచి. "టికెట్టు లేకుండా బస్సెక్కేవాణ్ణా నేను?"

పరీక్షలు చేసే లేబొరేటరీ ఒక టైర్ల షాపు మీద రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన, పైకెళ్తే స్పిరిట్ వాసన. అక్కడ ఉండే ఆవిడను అందరూ పరీక్షల మేడమ్ అంటారు. ముప్పై అయిదేళ్లుంటాయి. నవ్వడం తెలియదని కాదు, పని వేళల్లో నవ్వదు. మామయ్య డబ్బీని కాసేపు తిప్పి చూసి, లేబుల్ పైకి చదివింది. "పగిలిన మడమలకు పరమ ఔషధం. పది రోజుల్లో నయం. వాడినవారు వదలరు."

"నేనే రాశానండీ" అన్నాడు మామయ్య, సిగ్గుపడుతూ.

ఆవిడ ఎర్ర పెన్ను తీసింది. "ఔషధం అనకూడదు, నయం అనకూడదు. అలా అంటే ఇది మందు అవుతుంది, దానికి వేరే లైసెన్సు. ఇది సౌందర్య సాధనం సార్. 'మడమలను మెత్తబరుస్తుంది' అని రాసుకోండి. దేంతో చేశారో అన్నీ వరసగా రాయాలి. ఎప్పుడు చేశారు, ఏ విడత, ఎప్పటిదాకా పనికొస్తుంది, అదీ రాయాలి."

"మరి వాడినవారు వదలరు అన్నది?"

"జిగురేమో అనుకుంటారు" అంది ఆవిడ, కొట్టేస్తూ.

ఆ తర్వాత రెండు నెలలు ఇంట్లో భూకంపమే. వంటింట్లో చేయకూడదన్నారని సామాన్ల గది ఖాళీ చేసి, గోడలు కడిగి, కిటికీకి జాలీ కొట్టించాడు. చేసేటప్పుడు తలకు టోపీ తప్పనిసరి అని ఉందట. మామయ్యది అద్దంలాంటి బట్టతల. అయినా టోపీ పెట్టుకునే చేసేవాడు. "ఊడటానికి అక్కడ ఏముందని?" అని అత్తయ్య గుమ్మంలోంచి నవ్వితే, "రూల్లో తల అని ఉంది గానీ జుట్టు అని లేదు" అని గద్దించి, మీసానికి కూడా గుడ్డ కట్టుకున్నాడు. బ్యాంకు దొంగలా ఉన్నాడని అత్తయ్య ఫొటో తీసి చెల్లెలికి పంపింది.

సూక్ష్మక్రిముల పరీక్షలో డబ్బీ నెగ్గింది. నీళ్లు కలపని సరుకు కాబట్టి వాటికి అందులో బతుకు లేదంది మేడమ్. ఇక మిగిలింది చర్మ పరీక్ష. ఇరవైమంది మనుషులు కావాలి. ఒక్కొక్కరి వీపు మీద, ఎడమన ఒకటి, మధ్యన ఒకటి, కుడిన ఒకటి, మూడు పట్టీలు అంటిస్తారు. ఒకదాంట్లో మామయ్య సరుకు, ఒకదాంట్లో మంచినీళ్లు, ఒకదాంట్లో పలచటి సబ్బునీళ్లు. సబ్బునీళ్లకు ఎవరికైనా కాస్త దురద పెడుతుంది, రెండు రోజుల్లో అదే పోతుంది. ఏది ఎక్కడుందో అంటించుకున్నవాళ్లకూ చెప్పరు, మామయ్యకూ చెప్పరు. ఆ వివరం కాగితం మీద రాసి ఒక కవర్లో పెట్టి సీలు వేస్తారు. రెండు రోజులు వీపు తడపకుండా ఉండి, ఎలా ఉందో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. మూడో రోజు మేడమ్ వీపులు చూస్తుంది.

"తయారుచేసే ఇంటివాళ్లు పనికిరారు" అని కూడా చెప్పింది. అలా అత్తయ్య పేరు మొదట్లోనే పోయింది.

ఇరవైమందికేం కొదవ? పదకొండేళ్లుగా అమోఘం అన్నవాళ్లు వీధి పొడుగునా ఉన్నారు. మామయ్య అక్కగారు, బావమరిది, పక్కింటి టైలరు, ఇంకా వరసలు కలిసేవాళ్లు, కలవనివాళ్లు కూడబలుక్కుని వచ్చి వీపులు అప్పగించారు. రెండు రోజులు అందరూ గోడలకు ఆనకుండా, కుర్చీ అంచున కూర్చుని, పరీక్ష రాయబోయే పిల్లల్లా తిరిగారు.

మూడో రోజున మగవాళ్లని బెంచీల మీద, ఆడవాళ్లని తెర వెనక కూర్చోబెట్టి, మేడమ్ టార్చిలైటు, చిన్న స్కేలు పట్టుకుని ఒక్కొక్క వీపూ చదివింది. తర్వాత కాగితాలు చదివింది. మళ్లీ వెళ్లి వీపులు చదివింది. అందరినీ పంపేసి మామయ్యను కూర్చోమంది.

"మీ అక్కగారు రాశారు సార్, వినండి. 'మూడూ బాగున్నాయి. మా తమ్ముడు ఏది చేసినా బాగుంటుంది.' టైలరుగారు, 'ఎడమది చల్లగా ఉంది, మధ్యది ఇంకా చల్లగా ఉంది, కుడిది అన్నిటికన్నా చల్లగా ఉంది.' మీ బావమరిదిగారు, 'దురద లేదు. ఉన్నా నాకేం ఇబ్బంది లేదు.'"

మామయ్య మొహం వెలిగిపోయింది. "నే చెప్పలా?"

మేడమ్ కవరు చింపింది. "మధ్యది మంచినీళ్లు. దాంతో మోకాళ్ల నొప్పి తగ్గిందని ఒకావిడ రాశారు. కుడిది సబ్బునీళ్లు. ఇరవై వీపులూ కందాయి, ఇరవైమందీ హాయిగా ఉందని సంతకాలు పెట్టారు. ఏది మీదో తెలియక అన్నిటినీ పొగిడేశారు సార్. ఈ కాగితాలు చెల్లవు."

"పోనీ, నాది?"

"ఎడమది మీది. ఏడుగురికి కందింది. దాల్చినచెక్క నూనె ఎక్కువైందని నా అనుమానం. అదీ ఎవరూ రాయలేదు." ఆవిడ గొంతు కొంచెం తగ్గించింది. "అది తీసేసి మళ్లీ చేయండి. ఎంతకాలం చెడకుండా ఉంటుందో తేలడానికి కొత్త సరుకు మూడు నెలలు వేడిపెట్టెలో ఉండాలి. ఆ తర్వాత ఇంకొక్కసారి చర్మ పరీక్ష చేస్తాను. అప్పటికి ఏడాది అయిపోవస్తుంది. ఈసారి దయచేసి మొహమాటం లేనివాళ్లని తీసుకురండి."

మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకొక సామెత ఉంది. పిల్లలు కూడా చదువుతారు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. మామయ్యకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. లేబొరేటరీ మెట్లు దిగి తిన్నగా బావమరిది ఇంటికి వెళ్లాడు. గేటు తోస్తే చడీచప్పుడు లేకుండా తెరుచుకుంది. బందుల దగ్గర పచ్చగా ఏదో మెరుస్తోంది. వాసన చూస్తే దాల్చినచెక్క.

"పదకొండేళ్ల నుంచీ ఇదే పూస్తున్నావా?" అన్నాడు.

"తుప్పన్నది లేదు బావా!" అన్నాడు బావమరిది, ఆ మాట కూడా పొగడ్తే అనుకుని.

టైలరు దారం తెగకుండా ఉండటానికి ఆ డబ్బీలో ముంచి లాగుతున్నాడట. అక్కగారి బీరువాలో పద్నాలుగు డబ్బీలు, మూత తీయనివి, పట్టుచీరల పక్కన బారులు తీరి ఉన్నాయి. "ఒక్కసారి రాసుకున్నాన్రా తమ్ముడూ. రాత్రంతా కాళ్లు బకెట్లో పెట్టుకుని కూర్చున్నాను" అని ఆవిడ కళ్లొత్తుకుంది. "నువ్వు అంత ఆశగా చూస్తుంటే ఎలా చెప్పను?"

ఇంటికొచ్చి మామయ్య రెండు రోజులు ఎవరి మడమలూ చూడలేదు. మనిషి నిజంగా నొచ్చుకున్నాడు. సరుకు బాగాలేదని తేలినందుకు కాదు, సరుకన్నాక బాగుచేసుకోవచ్చు. ఇన్నేళ్ల అమోఘాల్లో ఒక్కటీ నిలిచేది కాదని తేలినందుకు.

"నేను చెప్తూనే ఉన్నాను కదండీ, మండుతోందని" అంది అత్తయ్య, టీ గ్లాసు పక్కన పెట్టి.

"చెప్పావు. నువ్వు అన్నిటికీ అంటావు కదా అనుకున్నాను."

"బాగాలేనిదల్లా చెప్పాను, ఇదీ చెప్పాను. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలు. మీకు అది రుచించదు." ఆవిడ కాసేపు ఆయన్నే చూసి మెత్తబడింది. "సరే, ఇప్పుడేం కావాలి? మొహమాటం లేనివాళ్లు. అంటే మీరంటే గిట్టనివాళ్లు. ఒక ఇరవైమంది."

"నేనంటే గిట్టనివాళ్లు ఎవరున్నారే? చీమకు కూడా అపకారం చేయలేదు నేను."

"ముప్పై ఒక్క ఏళ్లు జనాన్ని బస్సులోంచి దింపారు కదండీ!"

మామయ్య గ్లాసు కింద పెట్టాడు. ఆ వైపునుంచి తన జీవితాన్ని ఆయన ఎప్పుడూ చూసుకోలేదు.

కొత్త విడత, దాల్చినచెక్క లేకుండా, టోపీ పెట్టుకుని, మీసం కట్టుకుని చేశాడు. దాన్ని లేబొరేటరీలో నలభై డిగ్రీల వేడిపెట్టెలో పెట్టారు. వారానికోసారి వెళ్లి గాజు తలుపులోంచి చూసి, "ఎలా ఉంది?" అని అడిగేవాడు. "అలాగే ఉంది సార్" అనేది మేడమ్. "నీరసంగా ఏమన్నా?" "లేదు సార్." ఇక మిగతా రోజుల్లో కాలికి బలపం కట్టుకుని గిట్టనివాళ్ల కోసం తిరిగాడు. ఆరో నంబరు బస్సులో దింపేసిన లెక్చరరు, పాతపాసు చూపిస్తే పట్టుకున్న ఫొటోగ్రాఫరు, మూడుసార్లు దింపినా నాలుగోసారి ఎక్కిన భూముల బ్రోకరు, మొత్తానికి ఎవరూ ఆయన్ని మరిచిపోలేదు. తలుపు తీసి, గుర్తుపట్టి, మళ్లీ వేసుకోబోయేవాళ్లు.

"ఒక్క నిమిషం" అనేవాడు మామయ్య, తలుపుసందులో పాదం పెట్టి. "నేనొక సరుకు చేశాను. మీరు రెండు రోజులు పరీక్షించి, దాంట్లో ఎన్ని తప్పులున్నాయో రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. మీరు రాసింది ఎవరూ కొట్టేయడానికి వీల్లేదు."

తలుపులు బార్లా తెరుచుకునేవి. అయినవాళ్లు లెక్కకు సరిగ్గా ఇరవైమందే వచ్చారు. గిట్టనివాళ్లు మాత్రం ఇరవై అడిగితే ఇరవైముగ్గురు వచ్చారు. మిగిలిన ముగ్గురిని వెనక్కి పంపితే చాలా బాధపడ్డారు.

ఇరవయ్యోవాడు మామయ్య తోడల్లుడు, అత్తయ్య అక్కగారి భర్త. తొమ్మిదేళ్ల కిందట, సొంత తోడల్లుడి బస్సు కదా అని టికెట్టు తీసుకోకుండా కిటికీ పక్కన దర్జాగా కూర్చున్నాడు. మామయ్య బస్సు ఆపి, ఎర్రటి ఎండలో, అరవైమంది చూస్తుండగా దింపాడు. ఆనాటినుంచి రెండిళ్లకూ మాటల్లేవు. ఆయన గుమ్మంలో నిలబడి విషయమంతా విన్నాడు.

"నన్ను నడిరోడ్డు మీద దింపినవాడివి, ఇప్పుడు నా వీపు అడుగుతున్నావా?"

"అవునన్నయ్యా. దింపడం దింపడమే. మళ్లీ టికెట్టు లేకుండా ఎక్కితే మళ్లీ దింపుతాను. ఇది వేరే సంగతి."

"ఉన్నమాటే రాస్తాను. నీ మొహం చూసి ఒక్క అక్షరం తగ్గించను."

"అందుకే వచ్చాను."

తోడల్లుడు జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. "ఎన్ని పేజీలిస్తారు?" అని అడిగాడు.

పట్టీలు అంటించిన రెండు రోజులూ మామయ్యకు తిండి సహించలేదు. మందుల షాపాయన అరలో దుమ్ము తుడుస్తున్నాడని, టూత్‌పేస్టు కంపెనీ మనిషి వచ్చి టేపుతో కొలతలు తీసుకుపోయాడని వీధిలో చెప్పుకున్నారు. ఇంకో విడతకు టైము లేదు. ఈ ఇరవై వీపులూ కందితే, అంతే, పెళ్లాం కాళ్లకు రాయడానికి కూడా మొహం చెల్లదు.

మూడో రోజు పొద్దున్నే గిట్టనివాళ్లందరూ చెప్పిన టైముకన్నా ముందే వచ్చి కూర్చున్నారు. కాగితాలు సరిపోక కొందరు వెనకవైపు కూడా రాశారు. మేడమ్ టార్చిలైటుతో వీపులు చూసింది. ఏం చూసిందో మొహంలో కనబడనీయలేదు. కాగితాలు తీసింది. మామయ్య అత్తయ్య చెయ్యి పట్టుకున్నాడు. నలుగురిలో ఆయన అలా పట్టుకోవడం అదే మొదలు.

"ఎడమ పట్టీ" అని మొదలుపెట్టింది మేడమ్. "ఇరవైమందీ దురద అని రాశారు. లెక్చరరుగారు 'ఇది కచ్చితంగా కండక్టరుదే, మనిషిలాగే గీరుతుంది' అన్నారు. ఫొటోగ్రాఫరుగారు 'ఇంత మంట పుట్టించడం ఇతనివల్లే అవుతుంది' అన్నారు. బ్రోకరుగారు రాసింది పైకి చదవలేను."

బెంచీల మీద గిట్టనివాళ్లు ఒకరినొకరు చూసుకుని తృప్తిగా తలలూపారు. మామయ్య తల వంచుకున్నాడు.

"కుడి పట్టీ గురించి ఎవరూ ఏమీ రాయలేదు. మధ్య పట్టీకి దురద లేదు, మంట లేదు, వీపుల మీద కందడం లేదు." ఆవిడ ఒక కాగితం వేరుగా తీసింది. "ఇది మీ తోడల్లుడుగారిది. నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు ఎడమ పట్టీ మీదే ఉన్నాయి. చివర్లో ఇలా రాశారు. 'మధ్య పట్టీ ఉందో లేదో కూడా తెలియలేదు. తీశాక మా ఆవిడ చూసి అక్కడ చర్మం చంటిపిల్లాడిదిలా ఉందంది. ఇది ఏ కంపెనీదో గానీ, చేసినవాడు పనిమంతుడు. ఒరేయ్ కండక్టరూ, వెళ్లి వాడి దగ్గర నేర్చుకో.'"

తోడల్లుడు గర్వంగా మీసం దువ్వాడు.

మేడమ్ కవరు చింపింది. "ఎడమది సబ్బునీళ్లు" అని చదివింది. "కుడిది మంచినీళ్లు." కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. "మధ్యది ఈయనది."

బెంచీల మీద గిట్టనివాళ్లు తాము రాసిన కాగితాల వైపు మెడలు చాచారు. ముందుగా తేరుకున్నది తోడల్లుడు. లేచి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, బల్ల దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, చివర నాలుగు ముక్కలు కొట్టేయొచ్చా?"

"కుదరదండీ" అంది మేడమ్. "సంతకం పెట్టారు కదా." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నవ్వింది. పని వేళే అది.

మామయ్యకు కళ్లనిండా నీళ్లు వచ్చాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. అత్తయ్య మోచేత్తో పొడిచి, "సర్టిఫికెట్ ఎప్పుడిస్తారో అడగండి" అంది.

"అది తర్వాతైనా ఇవ్వండి మేడమ్" అన్నాడు మామయ్య. "ముందు అన్నయ్య రాసిన కాగితానికి ఒక జిరాక్సు తీయించండి."